నాన్న ట్యూబ్ నాకూ పనిచేస్తదా అన్నా?

ఈ కాలమ్ మొదలుపెట్టినప్పటి నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఒకటుంది. ముందు ఒక ఫోటో. తొడ మీదో, మెడ మీదో, నడుము దగ్గరో ఎర్రటి మచ్చ. కింద ఒకే లైన్: "బ్రో, దీనికి ఏ ట్యూబ్ రాయాలి?" కొందరు ఫోటో కూడా పెట్టరు. "దురద. ట్యూబ్ పేరు చెప్పండి." అంతే.

నేను పేరు చెప్పను. "డాక్టర్‌కి చూపించండి" అని ఒక ముక్క పెట్టి ఊరుకుంటా. దానికి కొందరికి కోపమొస్తుంది. "ఫార్మసీ చదివావు, ఆ మాత్రం చెప్పలేవా?" అంటారు. చెప్పగలను. ఒకసారి చెప్పాను కూడా. అందుకే ఇప్పుడు చెప్పను.

మా చిన్నమ్మ వాళ్లది నాగల్‌గిద్ద మండలంలో ఒక పల్లె. నారాయణఖేడ్ దాటి కర్ణాటక సరిహద్దు వైపు పోవాలి. 2016లో కొత్త జిల్లాలు, మండలాలు చేసినప్పుడు నాగల్‌గిద్ద మండలమైంది గానీ, అక్కడివాళ్లకు పెద్ద దవాఖాన అంటే ఇప్పటికీ ఖేడ్, లేదంటే బీదర్. సంతలో నిలబడితే తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. తామరకు కూడా అన్ని పేర్లున్నాయి. ఒకాయన దాద్ అంటాడు, ఒకామె గజకర్ణ అంటుంది, ఇంకొకరు నాయ్‌టా అంటారు. పేరు ఏదైనా గోకుడు ఒక్కటే.

మా చిన్నాయనకు చాలా ఏళ్లుగా ఒక చర్మం బాధ ఉంది. వానలు పడి వయ్యారిభామ ఏపుగా పెరిగిందంటే ఆయనకు మొదలవుతుంది. అటువైపు దాన్ని కాంగ్రెస్ గడ్డి అంటారు. 1950లలో పుణె దగ్గర కనిపించి, ఆ తర్వాత దేశమంతా పాకిన మొక్క అది. ఆ గడ్డి పొడి గాలిలో తగిలితే చాలు, కొందరికి ముఖం, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి, తర్వాత దున్నపోతు తోలులా మందమవుతాయి. అది అంటురోగం కాదు, ఎలర్జీ. బీదర్‌లో చర్మం డాక్టర్ ఆయనకు రెండు ట్యూబులు రాశాడు. చేతులకు బలమైన స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్, ముఖానికి, మెడకు తేలికది. చేతులది పది రోజులు రాసి ఆపెయ్యాలి, తర్వాత కొబ్బరి నూనె లాంటిది రాస్తుండాలి, పొలం పోతే నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. చిన్నాయన ఈ మూడూ బుద్ధిగా పాటిస్తాడు. ఆయనకు ఆ ట్యూబ్ బంగారం.

ఆయన కొడుకు, నా తమ్ముడు, చెరుకు సీజన్లో ట్రాక్టర్ నడుపుతాడు. ఫ్యాక్టరీ ముందు లైన్లో రాత్రంతా ట్రాలీ కింద పడుకోవడం, అదే జీన్స్ రెండు రోజులు, చెమట. ఒకనాడు రాత్రి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. తొడ లోపలి వైపు రూపాయి బిళ్లంత ఎర్రటి చక్రం. "అన్నా, నాన్న ట్యూబ్ నాకూ పనిచేస్తదా?"

నేను హైదరాబాద్‌లో మెట్రోలో నిలబడి ఉన్నా. ఫోటో సరిగ్గా పెద్దది కూడా చేసి చూడలేదు. "చిన్నాయనకు ఉన్నట్టే ఉంది. వారం రాయి, తగ్గుతది" అని కొట్టేశా.

మూడో రోజు మళ్లీ మెసేజ్. "అన్నా సూపర్! దురద మాయం." పక్కన నాలుగు దండాలు. నేను కూడా మురిసిపోయా, అబద్ధమెందుకు.

తర్వాత ఎనిమిది నెలలకు దసరాకు వెళ్లా. జమ్మి పెట్టుకున్నాక తమ్ముడు నన్ను పశువుల కొట్టం వెనక్కి తీసుకుపోయాడు. "జర సూడే అన్నా" అని ప్యాంటు కొంచెం జరిపాడు.

రూపాయి బిళ్ల లేదు. రెండు తొడలు, గజ్జలు, పిరుదులు, నడుము చుట్టూ, ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియని ఎర్రటి మరక. మధ్యలో చిన్న చిన్న కురుపులు. తొడల లోపలి వైపు ఊదారంగు చారలు, కాన్పయిన ఆడవాళ్ల పొట్ట మీద ఉంటాయే అట్లాంటివి. "రాస్తే రెండు దినాలల్ల పోతది. ఆపితే డబల్ వస్తది. ఎన్ని ట్యూబులయినయో లెక్కలేదు."

నాన్న ట్యూబ్ అయిపోయాక దగ్గర్లోని మెడికల్ షాపులో అడిగాడట. అక్కడ ఇంకో ట్యూబ్ ఇచ్చారు. "ఇది అన్నిటికీ పనిచేస్తది" అన్నారట. చీటీ ఎవరూ అడగలేదు. ఇద్దరం కొట్టం బయటికి వచ్చేసరికి మరదలు అక్కడే నిలబడి ఉంది. ఆమెకు లంగా నాడా కట్టుకునే చోట నడుము చుట్టూ వచ్చింది. ఆమె కూడా అదే రాస్తోంది. "చిన్నోనికి గూడ జర రాసిన బావా, డైపర్ కాడ ఎర్రగైతే."

చిన్నోడికి ఎనిమిది నెలలు. నా నోట మాట రాలేదు.

ఒక ఇంట్లో మూడు రకాల చర్మాలు, మూడు వేర్వేరు బాధలు, రాసిందేమో ఒకే రకం మందు. అందులో ఒక్కరికే అది సరైన మందు. ఆ తప్పు దగ్గర మొదటి వేలిముద్ర నాది.

అసలేం జరిగిందో చెబుతా. చిన్నాయన చర్మంలో బయటి క్రిమి ఏదీ లేదు. ఆయన ఒంటి రక్షణ వ్యవస్థే గడ్డి పొడిని చూసి అతిగా రెచ్చిపోతోంది. స్టిరాయిడ్ ఆ రెచ్చిపోవడాన్ని చల్లారుస్తుంది. ఎగ్జిమా, సోరియాసిస్, కొన్ని రకాల ఎలర్జీలకు ఇంత బాగా పనిచేసే మందు ఇంకోటి దొరకడం కష్టం. 1952లో అమెరికాలో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే ఇద్దరు చర్మవైద్యులు హైడ్రోకార్టిసోన్‌ను పైపూతగా వాడి ఫలితాలు ప్రచురించాక చర్మవైద్యమే మారిపోయింది.

తమ్ముడిది ఫంగస్. అది చర్మం పై పొరలో కూర్చుని ఆ పొరనే తిని బతుకుతుంది. దాన్ని తరిమెయ్యడానికి ఒళ్లు చేసే పోరాటమే మనకు కనిపించే ఎరుపు, దురద. అక్కడ స్టిరాయిడ్ రాస్తే ఫంగస్‌కు ఏమీ కాదు, పోరాటం ఆగిపోతుంది. ఇంట్లో దొంగ పడ్డాడని కుక్క మొరుగుతుంటే, నిద్ర చెడుతోందని కుక్క మూతి కట్టేసినట్టు. మూడో రోజు మనం దండాలు పెడుతుంటాం, లోపల దొంగ సంచులు నింపుకుంటుంటాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. తామర అంటే మామూలుగా గుండ్రంగా ఉండి, అంచు ఉబ్బి, మధ్యలో తేటగా కనిపిస్తుంది. స్టిరాయిడ్ పడ్డాక ఆ అంచు చెరిగిపోతుంది. డాక్టర్‌కు కూడా ఒక చూపుకు దొరకదు. 1968లోనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు దీనికి 'టీనియా ఇన్‌కాగ్నిటో' అని పేరు పెట్టారు. అంటే మారువేషంలో ఉన్న తామర.

ఇది తమ్ముడొక్కడి కథ అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. ఒకప్పుడు నాలుగు వారాలు మామూలు ఫంగస్ క్రీమ్ రాస్తే తగ్గిపోయే తామర, గత పదేళ్లకు పైగా మన దేశంలో మొండికేసింది. దీనికి ప్రధానంగా కారణమవుతున్న ఫంగస్‌కు 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు. ఆ 'ఇండో' మనమే. దానిలో చాలా రకాలకు టెర్బినఫిన్ అనే మందు సరిగ్గా పనిచెయ్యడం లేదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల్లో ఇదే దొరికితే, అమెరికాలో ఇవే మొదటి కేసులని అక్కడి ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇది ఇంతగా పాకడానికి స్టిరాయిడ్ కలిపిన ట్యూబుల ఇష్టారాజ్యపు వాడకం ఒక పెద్ద కారణమని మన చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

వాళ్ల మొత్తుకోలు ఊరికే పోలేదు. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టిరాయిడ్ పైపూతలను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 328 రకాల కలగలుపు మందులను నిషేధించారు. వాటిలో చర్మం క్రీములూ ఉన్నాయి. కాగితం మీద అంతా బాగానే ఉంది. కౌంటర్ మీద సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. చదువుకునే రోజుల్లో నేను కూడా ఒక షాపులో ట్రైనింగ్ చేశా. "దురద ట్యూబ్" అని అడిగినవాళ్లకు ఏది అందితే అది ఇచ్చిన చేతులు ఇవి.

కాబట్టి మీరు చెయ్యగలిగిన మొదటి పని, ట్యూబ్ మీద పెద్దక్షరాల పేరును పక్కన పెట్టి చిన్నక్షరాలు చదవడం. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి, బాగా కనిపిస్తాయి. బ్రాండ్ పేరు ఒకేలా ఉండి చివర 'ప్లస్', 'జీఎం', 'ఎన్' లాంటి తోక ఉంటే లోపలి సరుకు పూర్తిగా వేరు కావచ్చు.

చిన్నక్షరాల్లో పేర్ల చివర చూడండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, బెక్లోమెథాసోన్, ఫ్లూటికాసోన్, ఇలా 'సోన్' అని ముగిస్తే స్టిరాయిడ్. క్లోబెటాసోల్, హాలోబెటాసోల్ కూడా అదే జాతి, ఇంకా గట్టివి. క్లోట్రిమజోల్, లులికొనజోల్, కీటోకొనజోల్ లాంటి 'అజోల్'లు ఫంగస్ మందులు. 'సోల్'కీ 'జోల్'కీ ఒక్క అక్షరమే తేడా. తమ్ముడి తొడల మీద చారలు ఆ ఒక్క అక్షరం రాసినవే. టెర్బినఫిన్ కూడా ఫంగస్‌దే. మ్యూపిరోసిన్, ఫ్యూసిడిక్ యాసిడ్, నియోమైసిన్, జెంటామైసిన్ ఉంటే యాంటీబయాటిక్, అది చీము పట్టిన పుండుకు. పర్మెత్రిన్ ఉంటే గజ్జి మందు.

తమ్ముడి జేబులోని ట్యూబ్ చదివితే నాలుగు పేర్లున్నాయి. క్లోబెటాసోల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. ఒక స్టిరాయిడ్, ఒక యాంటీబయాటిక్, అమీబా లాంటి వాటికి వాడే మందు ఒకటి, ఒక ఫంగస్ మందు. (చూశారుగా, ఆర్నిడజోల్ కూడా 'జోల్' అనే ముగుస్తుంది, ఫంగస్ మందు మాత్రం కాదు. తోక ఒక గుర్తు మాత్రమే, పూర్తి పేరు కొట్టి వెతకండి.) నాలుగు మందులు కలిస్తే నాలుగు రెట్లు బలం అనుకుంటాం. ఏ జబ్బో తేల్చుకోకుండా అమ్మడానికి వీలు, అంతకుమించి దీంట్లో తెలివేమీ లేదు. పెళ్లిలో పులిహోర, పాయసం, సాంబారు ఒకే గిన్నెలో పోసి వడ్డిస్తే తింటామా?

శాతాల దగ్గర కూడా మోసపోతాం. క్లోబెటాసోల్ పక్కన 0.05 శాతం అని ఉంటుంది. హైడ్రోకార్టిసోన్ పక్కన 1 శాతం అని ఉంటుంది. మొదటిదే తేలిక అనిపిస్తుంది కదా? అది స్టిరాయిడ్ పూతల్లో అన్నిటికంటే పై మెట్టు, రెండోది కింది మెట్టు. క్లోబెటాసోల్‌ను వరసగా రెండు వారాలకు మించి వాడొద్దని దాని కాగితంలోనే రాసి ఉంటుంది. తమ్ముడు ఎనిమిది నెలలు రాశాడు, అదీ గజ్జల్లో. చర్మం పల్చగా ఉండి, మడతలో నొక్కుకుపోయే చోట మందు ఎక్కువగా లోపలికి దిగుతుంది. ముఖం, కనురెప్పలు, చంకలు, గజ్జలు, ఇవన్నీ అట్లాంటి చోట్లే. పసిపిల్లాడికి డైపర్ కింద రాస్తే, మందు రాసి ప్లాస్టిక్ కప్పినట్టే. చర్మం దాటి రక్తంలోకి పోయి పిల్లల పెరుగుదలనే దెబ్బతియ్యగలదు.

ముఖం మాట వచ్చింది కాబట్టి, తెల్లబడాలని రాసే ట్యూబ్ గురించి ఒక మాట. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ మూడూ కలిసిన క్రీమ్ మంగు మచ్చలకు డాక్టర్ కొద్ది వారాలు మాత్రమే ఇచ్చేది. దాన్ని ఫెయిర్‌నెస్ క్రీమ్‌లా ఏళ్ల తరబడి రాసేవాళ్లు నాకు మెసేజ్ పెడుతుంటారు, ఎక్కువమంది పెళ్లి కుదిరిన అమ్మాయిలు. దేశంలో 12 కేంద్రాల్లో చర్మవైద్యులు చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముఖం మీద సమస్యతో వచ్చిన 2,926 మందిలో 433 మంది స్టిరాయిడ్ పూతలు వాడుతున్నట్టు తేలింది. ఆపితే ముఖం మండి ఎర్రబడుతుంది, మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తాయి. ఆపలేక మళ్లీ రాస్తారు. అదొక వ్యసనం లాంటిదే.

సరే, మళ్లీ ఊరికి. పండగ మర్నాడే ముగ్గురినీ బీదర్ తీసుకుపోయా. చిన్నాయన కూడా "నేనొస్త, నా ట్యూబ్ గురించి నేనే జెప్త" అని బయల్దేరాడు.

డాక్టర్ మొదట ట్యూబులన్నీ టేబుల్ మీద పెట్టమంది. చర్మం తర్వాత చూసింది. తమ్ముడి తొడ మీద బ్లేడు మొండి అంచుతో కొంచెం పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క పోసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. దారాల్లాంటి ఫంగస్ పోగులు కనిపించాయి. పెద్ద పరీక్షేం కాదు, ఖరీదైనదీ కాదు. మనం ఎనిమిది నెలలు చేసిన ఊహాగానం పది పదిహేను నిమిషాల్లో తేలిపోయింది. మరదలిది కూడా అదే. చిన్నోడిది మాత్రం తామర కాదు. తడి డైపర్ ఒరుసుకుని వచ్చిన ఎరుపు. "వీడికి మందు కంటే గాలి కావాలి" అంది. డైపర్ తీసేసి ఆరబెట్టడం, జింక్ ఆక్సైడ్ పూత, అంతే. బరువు, ఎదుగుదల చూసి ఇంకో నెలకు మళ్లీ తెమ్మంది.

తమ్ముడికి మాత్రలు, పైన రాయడానికి ఒక్క మందే ఉన్న ఫంగస్ క్రీమ్. మాత్రల పేర్లు ఇక్కడ రాయను, ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. వాడుతున్న ఇతర మందులు, కాలేయం సంగతి చూసి డాక్టరే ఇవ్వాల్సినవి. పాలిచ్చే తల్లి కాబట్టి మరదలికి పూత మందు మాత్రమే.

ఆమె తమ్ముడికి చెప్పిన లెక్క నాకు నచ్చింది, రెండు అంకెతో గుర్తుపెట్టుకోమంది. రోజుకు రెండుసార్లు. మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటికి. మచ్చ పూర్తిగా పోయాక కూడా ఇంకో రెండు వారాలు. మనవాళ్లు ఎక్కువమంది బోల్తా కొట్టేది ఈ మూడో దగ్గరే. దురద తగ్గిందంటే జబ్బు పోయినట్టే అనుకుని ట్యూబ్ కిటికీలో పడేస్తాం.

ఎంత రాయాలి అన్నదానికి కూడా ఒక కొలత ఉంది. చూపుడు వేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబ్ నుంచి పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. అంత చోటుకు రోజుకు రెండుసార్లంటే ఒక గ్రాము. 15 గ్రాముల ట్యూబ్ పదిహేను రోజులు. తమ్ముడికి ఉన్నదేమో రెండు తొడలు, నడుము. వాడు చిన్న ట్యూబ్‌ను పొదుపుగా నెల లాగించేవాడు, "మంచిగనే ఆగింది" అని సంతోషం కూడా.

ఒకే మందు క్రీమ్‌లా, ఆయింట్‌మెంట్‌లా, లోషన్‌లా, జెల్‌లా ఎందుకు వస్తుందని చాలామంది అడుగుతారు. చిన్నాయన చేతుల్లాగా ఎండి, పగిలి, మందమైన చర్మానికి ఆయింట్‌మెంట్ మంచిది. జిడ్డుగా ఉంటుంది, తేమను బయటికి పోనివ్వదు, మందును లోపలికి నెడుతుంది. అదే జిడ్డు చెమట పట్టే గజ్జల్లో రాస్తే ఇంకా ఉడికిపోతుంది, అక్కడ క్రీమ్. తల, గడ్డం, వెంట్రుకలున్న ఛాతీకి లోషన్ గానీ జెల్ గానీ. పగిలిన చర్మం మీద స్పిరిట్ ఉన్న జెల్ రాస్తే మంట పుడుతుంది, జాగ్రత్త. నాన్న ట్యూబ్ తమ్ముడికి జబ్బు విషయంలోనే కాదు, ఈ విషయంలో కూడా తప్పే.

డాక్టర్ ముందే హెచ్చరించినట్టు, మొదటి రెండు వారాలు నరకం. స్టిరాయిడ్ ఆపగానే ఒళ్లు మళ్లీ పోరాటం మొదలుపెట్టింది. ఎరుపు రెట్టింపు. రాత్రి ఒంటిగంటకు ఫోన్, "అన్నా, ఒక్కసారి ఆ పాతది రాస్కుంట, పండ్కోవాలె." ఆ రాత్రి వాడితో గంటసేపు మాట్లాడుతూ కూర్చున్నా. తడిగుడ్డ వేసుకో, ఫ్యాన్ కింద పడుకో, డాక్టరిచ్చిన దురద మాత్ర వేసుకో అని. ఇంకేం చెప్పాలో తెలియక క్రికెట్ గురించి కూడా మాట్లాడా. రాయలేదు.

ఇంట్లో పనులు కూడా మారాయి. తువ్వాళ్లు ఎవరివి వాళ్లకు. జీన్స్ బదులు వదులు కాటన్ ప్యాంటు. బట్టలు వేడినీళ్లలో నానబెట్టి, ఎండలో తిరగేసి ఆరెయ్యడం. ఇద్దరికీ ఒకేసారి వైద్యం, లేకపోతే భర్తకు తగ్గేలోపు భార్య నుంచి మళ్లీ అంటుకుంటుంది. గజ్జికైతే ఇది ఇంకా ఖచ్చితం. ఇంట్లో అందరూ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా పర్మెత్రిన్ రాసుకుని, వారానికి మళ్లీ ఒకసారి రాసుకోవాలి. దురద ఉన్న ఒక్కరే రాసుకుంటే డబ్బు దండగ.

ట్యూబులతో సంబంధమే లేని మచ్చ ఒకటుంది. పాలిపోయిన మచ్చ, దురద ఉండదు, గుచ్చినా తాకినా తెలియదు. దానికి ఏ క్రీమూ రాయకుండా నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ఆశా కార్యకర్త దగ్గరికో పోండి. కుష్ఠు కావచ్చు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే నరాలు పోతాయి.

"అందరికీ బీదర్ పోయే అన్నయ్య ఉండడు కదా" అని మీరు అనొచ్చు, నిజమే. ఒకరోజు కూలి, బస్సు ఖర్చు, డాక్టర్ ఫీజు లెక్క వేస్తే షాపులో ట్యూబే చవక అనిపిస్తుంది. తమ్ముడి ఎనిమిది నెలల ట్యూబుల లెక్క వేసి చూశాం, బీదర్ ఖర్చు దాటిపోయింది. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీల్లో చర్మ విభాగాలున్నాయి. అంత దూరం పోలేకపోతే ఫోన్‌లోనే ఈ-సంజీవని ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, డాక్టర్‌తో ఉచితంగా వీడియో కాల్‌లో మాట్లాడొచ్చు. మెట్రోలో నిలబడ్డ అన్నకు ఫోటో పంపడం కంటే అది నయం. చూపించేటప్పుడు వాడిన ట్యూబులన్నీ ఫోటో తీసి పెట్టుకోండి, ఖాళీవి కూడా. సిగ్గుపడి దాచింది ఒక్కటే అయినా డాక్టర్ దారి తప్పుతారు.

తమ్ముడికి పూర్తిగా తగ్గడానికి మూడు నెలలకు పైనే పట్టింది. మరదలికి అంతకంటే ముందే తగ్గింది. చిన్నోడు బాగున్నాడు, బరువు సరిగ్గానే ఉందంది డాక్టర్. తమ్ముడి తొడల మీద చారలు మాత్రం పోలేదు. రంగు కాస్త తగ్గొచ్చు గానీ, చారలు ఉంటాయని చెప్పింది. ఎండాకాలం మంజీరలో ఈతకు పోయేవాడు, ఈసారి గట్టు మీద కూర్చుని బట్టలకు కాపలా ఉన్నాడని చిన్నమ్మ చెప్పింది. నేను సారీ చెబితే, "నువ్వు మంచికే జెప్పినవ్ గదనే" అన్నాడు. నాకు అది ఇంకా కష్టంగా తగిలింది.

ఇప్పుడు ఆ ఇంట్లో అల్మారాలో మూడు స్వీటు డబ్బాలుంటాయి. మరదలు పైన స్కెచ్ పెన్‌తో పేర్లు రాసింది. మామయ్య, మేము, చిన్నోడు. మామయ్య డబ్బాకు మాత్రం రబ్బరు బ్యాండు కూడా వేసింది. మొన్న ఫోన్ చేస్తే చిన్నాయన దాని మీదే ఫిర్యాదు. "నా ట్యూబ్ నేను తీస్కోనీకి గూడ కోడల్నడగాలె బిడ్డా!"